ఎండలు పెరిగేకొద్దీ నిద్ర కరువై, మనసు కుంగిపోతోంది. ఇంకెవరికైనా ఇలా ఉందా?

మెలకువ | ఏప్రిల్ 6, తెల్లవారుజామున 4:25

ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి.

మూడేళ్లుగా ఇదే వరస. చలికాలమంతా మామూలుగా ఉంటాను. పగలు పొడుగవడం మొదలైన మూడు నాలుగు వారాలకి ముందు నిద్ర చెడుతుంది. పదకొండుకి పడుకుంటే పన్నెండున్నర దాటినా కన్ను మూతపడదు. నాలుగింటికల్లా ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వచ్చేస్తుంది. మా పడకగదిలో కర్టెన్‌కీ గోడకీ మధ్య వేలెడు సందు ఉంది. అందులోంచి సన్నటి వెలుగు చార ఒకటి గోడ మీద పడి, నెమ్మదిగా జరుగుతూ బీరువా పిడి దాకా వస్తుంది. అది పిడిని తాకిందంటే ఆరున్నర అయినట్టే. గడియారం చూడక్కర్లేదు నాకు.

నిద్ర పాడైన రెండు వారాలకి మనసు. ఏడుపు రాదు, వస్తే కాస్త తేలికపడేదాన్నేమో. లోపల ఎవరో కవ్వం పెట్టి చిలుకుతున్నట్టుంటుంది. కుదురుగా కూర్చోలేను, అలాగని ఏ పనీ చేయలేను. తిండి సహించదు. నిరుడు ఈ కాలంలోనే నాలుగు కిలోలు తగ్గాను. మొన్న మా వాడు చెంచా కింద పడేస్తే ఆ చప్పుడుకే గట్టిగా అరిచేశాను. వాడు ఏడవలేదు. చెంచా తీసి మెల్లగా బల్ల మీద పెట్టి, నా వంక చూడకుండా వెళ్లిపోయాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

చలికాలంలో దిగులుగా ఉందంటే జనం అర్థం చేసుకుంటారు. పూలు పూసే రోజుల్లో, అందరూ ఆరుబయట నవ్వుకుంటూ తిరిగే రోజుల్లో నాకు బతుకు బరువుగా ఉందంటే ఎవరికి చెప్పుకోను? ఇలా ఇంకెవరికైనా అవుతుందా? అవుతుంటే ఏం చేస్తున్నారు?

రాత్రికాపు | ఏప్రిల్ 6, ఉదయం 7:10

అవుతుందండీ. నాకు పదకొండేళ్లుగా. మీరు రాసిన ఆ కవ్వం మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. ఇన్నేళ్లలో దాన్ని అంత సరిగ్గా నేను కూడా చెప్పుకోలేకపోయాను.

దీనికి పేరుంది. రుతువుని బట్టి వచ్చే కుంగుబాటుని 1984లో అమెరికాలో నార్మన్ రోజెంథాల్ బృందం మొదట వివరించింది. అది చలికాలపు రకం. మూడేళ్లకే, 1987లో, థామస్ వేర్, రోజెంథాల్ కలిసి దీనికి తలకిందులుగా ఉండే రకాన్ని గురించి రాశారు: వేసవిలో కుంగిపోయి, చలికాలానికి తేరుకునేవాళ్ల గురించి. రెంటికీ లక్షణాలు కూడా చాలావరకు ఎదురుబొదురు. చలికాలం వాళ్లు ఎక్కువ నిద్రపోతారు, ఎక్కువ తింటారు, బరువు పెరుగుతారు, మందకొడిగా ఉంటారు. మనకి నిద్ర ఉండదు, ఆకలి ఉండదు, బరువు తగ్గుతాం, ఒకచోట నిలవలేం. మనలాంటివాళ్లు తక్కువమంది, అందుకే ఎవరికీ తెలియదు. తెలియకపోయినంత మాత్రాన లేనట్టు కాదు.

ఆ రెండో సంగతి చదివిన రోజు నాకు బాగా గుర్తు. అప్పటిదాకా నేను కృతఘ్నుణ్ణి అనుకునేవాణ్ణి. ఇంత వెలుగు, ఇన్ని పూలు ఇస్తే సంతోషించడం చేతకానివాణ్ణి అనుకునేవాణ్ణి.

పొద్దుపొడుపు | ఏప్రిల్ 6, ఉదయం 8:02

అమ్మా, నా మాట వినండి. ఎలాగూ నాలుగింటికి లేస్తున్నారు కదా, లేచి వెలుగు రాగానే ఓ గంట ఎండలో నడవండి. నాకు మూడు నెలల దిగులు దానితోనే పోయింది. మాత్రల జోలికి మాత్రం వెళ్లకండి.

మెలకువ | ఏప్రిల్ 6, మధ్యాహ్నం 1:40

రాత్రికాపు గారూ, ఆఫీసులో కూర్చుని మీ జవాబు మూడుసార్లు చదివాను. పేరుందని తెలియడమే ఇంత ఊరటా!

పొద్దుపొడుపు గారూ, నిరుడు అది చేశానండీ. ఇరవై రోజులు వదలకుండా నడిచాను. నాలుగింటి మెలకువ కాస్తా మూడున్నరకి వచ్చింది. నా వల్లే ఏదో తప్పు జరుగుతోందనుకుని మానేశాను.

పీజీ_సైకియాట్రీ | ఏప్రిల్ 6, రాత్రి 9:15

తప్పు మీది కాదు మేడమ్. సలహా చెడ్డదీ కాదు, మీకు పడేది కాదంతే. నేను సైకియాట్రీలో పీజీ చేస్తున్నాను. ఇక్కడ రాసేది మీ డాక్టర్ని అడగడానికి పనికొచ్చే సమాచారం అనుకోండి, వైద్యం అనుకోవద్దు.

కంట్లో చూపుతో పెద్దగా సంబంధం లేని కొన్ని కణాలున్నాయి. వాటిలో మెలనోప్సిన్ అనే పదార్థం ఉంటుంది. దాదాపు 480 నానోమీటర్ల నీలి వెలుగుకి అవి బాగా స్పందిస్తాయి. పగలైందా రాత్రైందా అన్న కబురు మెదడులోని గడియారానికి చేరవేయడం వాటి పని. అదే వెలుగు ఏ వేళ పడిందన్న దాన్ని బట్టి ఆ గడియారం ఏ వైపు జరిగేదీ ఉంటుంది. పొద్దుపోయాక పడితే నిద్ర ఆలస్యమవుతుంది, తెల్లవారుజామున పడితే మెలకువ ఇంకా ముందే వచ్చేస్తుంది. చలికాలపు కుంగుబాటులో పొద్దున్నే వెలుగు చూడమని చెప్పేది ఇందుకే. ఉదయం లేవలేనివాళ్లకి అది మంచి మందు. ఇప్పటికే నాలుగింటికి లేచిపోతున్న మీకు అదే వెలుగు ఇంకాస్త ముందు లేపుతుంది. నిరుడు జరిగింది అదే కావచ్చు.

మీ గోడ మీది చార ఉంది చూశారా, ముందు దాని సంగతి చూడండి. అది పిడి దాకా వచ్చేసరికి ఆరున్నర కావచ్చు కానీ, గది వెలుగెక్కడం అంతకు చాలా ముందే మొదలవుతుంది. వేసవిలో రెండు చివర్ల నుంచీ వెలుగు నిద్రని నొక్కేస్తుంది: సాయంత్రం ఆలస్యంగా వదులుతుంది, పొద్దున తొందరగా పట్టుకుంటుంది. పడుకునే గదిని పూర్తి చీకటి చేయండి, లేదా కళ్లకి మాస్క్ పెట్టుకోండి. నడక మాత్రం మానకండి, సాయంత్రం ఎండ తగ్గాక నడవండి.

ఇంకొక ముఖ్యమైన మాట. వేడి ఓర్చుకోలేకపోవడం, బరువు తగ్గడం, నిద్ర పట్టకపోవడం, కంగారు, గుండె దడ – ఇవన్నీ థైరాయిడ్ ఎక్కువ పనిచేసినా వస్తాయి. టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించారా?

మెలకువ | ఏప్రిల్ 6, రాత్రి 10:30

రెండేళ్ల కిందట చేయించాను, అప్పుడు మామూలుగానే ఉంది. మళ్లీ చేయిస్తాను. దడ మాత్రం లేదు.

మాత్రలపట్టీ | ఏప్రిల్ 7, ఉదయం 6:50

నేను ఫార్మసిస్టుని. ఒక ప్రశ్న అడగొచ్చా? ఈ కాలంలో మీకు తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద లాంటివి ఉన్నాయా? ఉంటే ఏం వేసుకుంటున్నారు?

మెలకువ | ఏప్రిల్ 7, ఉదయం 7:25

ఉన్నాయండీ! పుప్పొడి పడదు నాకు. ఏటా ఈ రోజుల్లో రాత్రిపూట ఒక మాత్ర వేసుకుంటాను. ఇప్పుడే పట్టీ తిప్పి చూశాను. లెవోసెటిరిజిన్, మాంటెలుకాస్ట్ అని రెండు పేర్లున్నాయి. ఎందుకు అడిగారు?

మాత్రలపట్టీ | ఏప్రిల్ 7, ఉదయం 7:48

కంగారు పడకండి, మీరై మీరు ఏమీ మార్చకండి. మాంటెలుకాస్ట్ చాలామందికి ఏ ఇబ్బందీ లేకుండా పడుతుంది. కొందరిలో మాత్రం నిద్ర చెడడం, పీడకలలు, చిరాకు, కుంగుబాటు, చచ్చిపోవాలన్న ఆలోచనలు వచ్చినట్టు నమోదైంది. అందుకే 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద తన హెచ్చరికల్లోకెల్లా గట్టిదాన్ని, మందు వివరాల కాగితం మీద పెట్టె గీసి అచ్చువేసేదాన్ని, వేయించింది. తుమ్ముల కోసమైతే, వేరే మందులు పనిచేయనప్పుడే వాడమంది.

ఆస్తమా ఉన్నవాళ్లు దీన్ని సొంతంగా ఆపకూడదు. మీకు ఆయాసం ఉందో లేదో నాకు తెలియదు. డాక్టరు దగ్గరకి పట్టీ తీసుకెళ్లి, ఎప్పుడు మొదలుపెట్టారో, నిద్ర ఎప్పుడు చెడిందో, రెండు తేదీలూ పక్కపక్కన రాసి చూపించండి. ముక్కులో కొట్టుకునే స్ప్రేలు, వేరే మాత్రలు ఉన్నాయి.

చదువుతున్న మిగతావాళ్లకి కూడా చెప్తున్నాను. ముక్కు దిబ్బడకి ఇచ్చే సూడోఎఫెడ్రిన్ కలిసిన మాత్రలు నిద్రని చెడగొడతాయి. పాతకాలపు ఎలర్జీ మాత్రలు నిద్ర తెప్పిస్తాయి కానీ పొద్దున్నంతా తల మబ్బుగా ఉంచుతాయి. వాటిని నిద్రమాత్రల్లా రోజూ వాడకండి.

మెలకువ | ఏప్రిల్ 7, ఉదయం 8:05

ఇంత కాలం ఎవరూ ఈ ప్రశ్న అడగలేదండీ. నేను చెప్పనూ లేదు. తుమ్ముల మాత్ర గురించి మనసు డాక్టరుకి ఎందుకు చెప్తాం! ఆస్తమా లేదు. ఈ వారమే వెళ్తాను.

రెండుతీరాలు | ఏప్రిల్ 8, రాత్రి 11:20

మెలకువ గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. నిద్ర తగ్గిన రోజుల్లో మీకు అలసటగా ఉంటుందా? లేక మూడు గంటలు పడుకున్నా ఒంట్లో శక్తి పొంగుతున్నట్టు ఉంటుందా?

ఎందుకంటే నాకు బైపోలార్, అంటే కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు కుంగుబాటు వచ్చే జబ్బు. వసంతం మొదలవుతుండగానే నాకు నిద్ర అక్కర్లేదనిపిస్తుంది. మాటలు పరిగెడతాయి, డబ్బు చేతిలో నిలవదు. మొదటి రెండుసార్లు దాన్ని 'ఈ ఏడు హుషారుగా ఉన్నాను' అనుకుని మురిసిపోయాను. నిద్ర రాక నలిగిపోవడం వేరు, నిద్రే అక్కర్లేదనిపించడం వేరు. రెండోదైతే కుంగుబాటు మాత్రలు ఒంటరిగా మొదలుపెట్టడం ప్రమాదం, వెంటనే డాక్టరుకి చెప్పాలి.

బైపోలార్‌కి ఇచ్చే లిథియం మందు వాడేవాళ్లకి నా అనుభవం. ఎండల్లో చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. నాకు ఒక వేసవిలో చేతులు గట్టిగా వణకడం, వాంతులు, నడిస్తే తూలడం వచ్చాయి. తలనొప్పికి ఐబూప్రోఫెన్ వేసుకున్నాను, అది ఇంకా పెంచింది. నీళ్లు, ఉప్పు ఒక్కసారిగా తగ్గించకండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆగకుండా డాక్టరుకి ఫోను చేయండి.

మెలకువ | ఏప్రిల్ 9, తెల్లవారుజామున 4:40

అలసటేనండీ. పీల్చి పిప్పి చేసినట్టుంటుంది. అడిగినందుకు చాలా కృతజ్ఞతలు.

నిశ్శబ్దం | ఏప్రిల్ 10, రాత్రి 10:05

మా ఆవిడకి ఇలాగే. నేనేం చేయాలో తెలియడం లేదు. బయటికి తీసుకెళ్తే ఇంకా ముడుచుకుపోతుంది.

రాత్రికాపు | ఏప్రిల్ 10, రాత్రి 10:50

అన్నా, బయటికి లాగకండి. నా భార్య నాకు చేసినవి చెప్తాను. 'లే, నవ్వు, అందర్లో కలువు' అనడం మానేసింది. రాత్రి పూట నేను లేచి కూర్చుంటే 'ఇంకా పడుకోలేదా' అని అడగడం మానేసింది, ఆ ప్రశ్న పరీక్షలా ఉండేది నాకు. పిల్లల పొద్దుటి పనులు తను తీసుకుని, సాయంత్రం పనులు నాకు వదిలింది, నాకు సాయంత్రానికి కాస్త నయంగా ఉంటుంది కాబట్టి. డాక్టరు దగ్గరకి వెంట వచ్చి, నేను మరిచిపోయినవన్నీ తను చెప్పింది.

ఇంకోటి. ఒక రాత్రి నా పక్కన కూర్చుని, తల వంచుకునే, 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని సూటిగా అడిగింది. అనిపిస్తోందని చెప్పాను. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో ఉన్నాం. అడిగితే ఆ ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడతారు చాలామంది. పుట్టదు. నాకైతే ఆ ప్రశ్నతో గొంతులో ముడి విప్పినట్టయింది.

నిర్వాహకురాలు | ఏప్రిల్ 11, ఉదయం 9:00

రాత్రికాపు గారు రాసింది అందరూ చదవండి. ఆత్మహత్యలు చలికాలంలో ఎక్కువనుకుంటారు కానీ, చాలా దేశాల లెక్కల్లో వసంతం చివర, వేసవి మొదట్లోనే పెరుగుతాయి. 1897లోనే ఫ్రెంచి సమాజ శాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్ ఈ సంగతి రాశాడు. ఆందోళన, నిద్రలేమి, నిస్పృహ మూడూ కలిసినప్పుడు మరింత జాగ్రత్తగా ఉండాలి. అలాంటి ఆలోచన వస్తే ఇక్కడ రాసి జవాబు కోసం ఎదురుచూడకండి. పక్కనున్న మనిషికి చెప్పండి, మీ ప్రాంతపు హెల్ప్‌లైన్‌కి గానీ అత్యవసర విభాగానికి గానీ వెంటనే వెళ్లండి. ఆ తర్వాత ఇక్కడికి రండి, మేం ఉంటాం.

తడిగుడ్డ | ఏప్రిల్ 12, మధ్యాహ్నం 3:30

వెలుగు గురించి మాట్లాడారు, వేడి గురించి ఎవరూ అనలేదేం? నాకు అసలు శత్రువు అదే. చీకటి గదిలో పడుకున్నా ఉక్కపోస్తే నిద్ర లేదు.

నిద్ర రావాలంటే లోపలి ఒంటి వేడి తగ్గాలి. సాయంత్రానికీ తెల్లవారుజాముకీ దాదాపు ఒక డిగ్రీ సెల్సియస్ తేడా ఉంటుంది. ఆ వేడి బయటికి పోయే దారులు ముఖ్యంగా అరచేతులు, అరికాళ్లు. గదిలో వేడి, తేమ ఉంటే చెమట ఆరదు, వేడి పోదు, నిద్ర ముక్కలవుతుంది. అందుకే నేను అరికాళ్లు దుప్పటి బయట పెడతాను, పడుకునే ముందు తడిగుడ్డతో ముంజేతులు, పాదాలు తుడుచుకుని ఫ్యాన్ గాలికి ఆరనిస్తాను.

వినడానికి వింతగా ఉంటుంది గానీ, పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు పది నిమిషాలు వేడినీళ్ల స్నానం చేస్తే నిద్ర తొందరగా పడుతుందని 2019లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు. వాళ్లు లెక్కలోకి తీసుకున్న నీటి వేడి 40 నుంచి 42.5 డిగ్రీలు. చర్మానికి రక్తం వచ్చి, ఆ తర్వాత ఒళ్లు చల్లబడుతుందట. నాకు మండే రాత్రుల్లో అంత వేడి పడలేదు, గోరువెచ్చగా చేస్తే బాగుంది. మంచుచల్లటి నీళ్లు మాత్రం ఒద్దు, ఒళ్లు ఝల్లుమని మెలకువ ఎక్కువైంది.

సుద్దముక్క | ఏప్రిల్ 13, రాత్రి 8:20

నేను టీచర్ని. నాకు వేడికన్నా సెలవులే కష్టం. బడి ఉన్నన్నాళ్లు గంట కొడితే లేస్తాను, గంట కొడితే తింటాను. సెలవులు ఇవ్వగానే రోజుకి మొదలూ చివరా ఉండవు. పోయినేడు నుంచి ఒక్కటే పట్టుకున్నాను: సెలవైనా సరే, రాత్రి ఎలా గడిచినా సరే, ఆరున్నరకి లేవడం. పగటి కునుకు తీస్తే మధ్యాహ్నం మూడు లోపు ఇరవై నిమిషాలు. మొదటి పది రోజులు నరకం. తర్వాత నిలబడింది.

ఎదురుచూపు | ఏప్రిల్ 14, తెల్లవారుజామున 2:55

నాది వేరేనేమో తెలియదు. ఏడేళ్ల కిందట ఇలాంటి రోజుల్లోనే నాన్న పోయారు. ఆసుపత్రి కిటికీ బయట ఒక చెట్టు నిండా పూత. నాన్న ఊపిరి తీసుకోవడానికి కష్టపడుతుంటే నేను ఆ చెట్టునే చూస్తూ ఉన్నాను. ఇప్పుడు ఏ చెట్టు పూసినా, తేదీ గుర్తులేకపోయినా, ఛాతీ బిగుసుకుంటుంది. రాత్రి మూడింటికి మెలకువ వస్తుంది. ఆయన పోయింది మూడింటికే.

మెలకువ | ఏప్రిల్ 14, తెల్లవారుజామున 4:15

నేనూ లేచే ఉన్నానండీ. నాన్నగారి గురించి ఇంకా రాయాలనిపిస్తే రాయండి, చదువుతాను.

పీజీ_సైకియాట్రీ | ఏప్రిల్ 14, మధ్యాహ్నం 2:10

ఎదురుచూపు గారూ, ఇది చాలామందిలో చూస్తాం. తేదీ మనకి గుర్తులేకపోయినా ఆ వాసన, ఆ వెలుగు, ఆ పూత గుర్తుచేస్తాయి. మీకు కావలసింది కర్టెన్లు కాదు, ఆ రోజుల గురించి మాట్లాడుకోవడానికి ఒక మనిషి. దుఃఖం మీద పనిచేసే కౌన్సెలర్లు ఉంటారు, ఏడేళ్లయింది కదా ఇంకా ఏమిటని వాళ్లు అనరు.

మిగతావాళ్లకి నిద్ర గురించి. దీర్ఘకాలపు నిద్రలేమికి మొదట చేయవలసిన వైద్యం మాత్రలు కాదు, నిద్ర అలవాట్లనీ, నిద్ర గురించిన ఆలోచనలనీ మార్చే సీబీటీ-ఐ అనే పద్ధతి అని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ మార్గదర్శకం చెప్పింది. అందులో ఒక భాగం 1972లో రిచర్డ్ బూట్జిన్ చెప్పింది: నిద్ర ముంచుకొస్తేనే పడక ఎక్కాలి, పట్టకపోతే లేచి వేరే గదిలో మసక వెలుగులో కూర్చోవాలి, మళ్లీ నిద్ర వస్తేనే రావాలి. పడకని మెలకువతో కాకుండా నిద్రతో ముడిపెట్టడం అన్నమాట. ఇంకో భాగం పడక మీద గడిపే సమయాన్ని నిజంగా నిద్రపోయే సమయానికి దగ్గరగా కుదించడం. ఈ రెండోది బైపోలార్, మూర్ఛ ఉన్నవాళ్లు సొంతంగా చేయకూడదు. నిద్ర తెగితే అవి రేగుతాయి.

పొద్దుపొడుపు | ఏప్రిల్ 15, ఉదయం 6:15

మెలకువ అమ్మా, మొదట్లో నేను రాసిన మాటకి మన్నించండి. నాది చలికాలపు దిగులు. నాకు పడింది అందరికీ పడుతుందనుకున్నాను. మాత్రల గురించి అన్నది కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

మెలకువ | ఏప్రిల్ 15, ఉదయం 7:00

అయ్యో, మీరు మంచి మనసుతోనే రాశారండీ. మీ నడక సాయంత్రానికి మార్చుకున్నానంతే.

మెలకువ | మే 28, రాత్రి 9:40

ఆరు వారాలైంది. ఎవరైనా ఇదే వెతుక్కుంటూ వస్తారేమోనని వివరంగా రాస్తున్నాను.

టీఎస్‌హెచ్ మామూలుగానే వచ్చింది. డాక్టరు నా పట్టీ, తేదీల కాగితం రెండూ చూసి మాంటెలుకాస్ట్ ఆపించి ముక్కు స్ప్రే ఇచ్చారు. రెండు వారాల్లో పీడకలలు పోయాయి. వాటి గురించి మీకు రాయనేలేదు, ఈ కాలంలో అందరికీ వస్తాయనుకున్నాను. లోపలి చిలకడం సగానికి సగం తగ్గింది. పూర్తిగా పోలేదు, అందుకని ఇది మాత్ర ఒక్కదాని వల్లే కాదని డాక్టరూ అన్నారు. కుంగుబాటు ఎంత ఉందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 కాగితం నింపించారు. 27కి మొదట 17 వచ్చింది, పోయిన వారం 9. కుంగుబాటుకి మందు మొదలుపెట్టారు. ప్రతి ఏడూ ఈ కాలం వచ్చే ముందే చూపించుకోమన్నారు.

కర్టెన్ సందులో మందపాటి నల్లగుడ్డ కుట్టించి, గోడకి అతుక్కునేలా పట్టీ వేయించాను. ఇప్పుడు చార లేదు. మొదటి రోజు అది కనిపించక ఎంతైందో తెలియలేదు, చేయి చాపి గడియారం చూస్తే ఐదు ముప్పావు. మళ్లీ కళ్లు మూసుకున్నాను.

పడక మీంచి లేచి వెళ్లడం చాలా కష్టంగా ఉంది. అర్ధరాత్రి లేచి హాల్లో కూర్చుంటే ఒంటరితనం మింగేస్తుంది. కొన్ని రాత్రులు చేయలేకపోయాను. మధ్యాహ్నం రెండు తర్వాత కాఫీ మానేశాను, అది తేలికే అయింది. వేడి రాత్రుల్లో ఇంకా నాలుగున్నరకే లేస్తున్నాను.

మా వాడితో మాట్లాడాను. 'నీ మీద కోపం కాదురా, అమ్మకి ఎండాకాలంలో నిద్ర పట్టని జబ్బు ఉంది' అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, 'చలికాలం ఎప్పుడొస్తుంది?' అని అడిగాడు. నెలలు లెక్కపెట్టి చెప్పాను. అప్పటినుంచి గోడ క్యాలెండర్ మీద వాడే కొట్టేస్తున్నాడు.

ఎదురుచూపు | మే 29, తెల్లవారుజామున 3:05

ఈ కబురు చదివి మనసు కుదుటపడింది. నేను కౌన్సెలర్ దగ్గరకి రెండుసార్లు వెళ్లాను. ఆ చెట్టు గురించి చెప్పాను. ఇంకా మూడింటికే లేస్తున్నాను.

మెలకువ | మే 29, ఉదయం 6:35

ఇప్పుడే లేచి చూశాను మీ మెసేజ్. మీరు రాసినప్పుడు నిద్రలో ఉన్నానండీ, జవాబు ఆలస్యమైంది. మూడోసారి ఎప్పుడు వెళ్తున్నారు?